గొట్టా నీళ్లు, మా బోరు నీళ్లు

మాది హిరమండలం. గొట్టా బ్యారేజీ దగ్గర పుట్టినవాళ్లకి ఒడిశాతో వంశధార నది నీళ్ల పంచాయితీ ఇంట్లో గొడవలాంటిదే. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పొచ్చింది: ఒడిశాకి సగం, మనకి సగం. ఎగువన వంశధార మీద కట్టాల్సిన నేరడి బ్యారేజీ కోసం నాన్న ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

నేనేమో విశాఖ ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్ సెక్రటరీని. ఏప్రిల్లో బోరు నీళ్లు ఉప్పుదేలాయి. సముద్రం పక్కన మంచినీళ్లు అతిగా తోడేస్తే ఆ ఖాళీలోకి ఉప్పునీరు జరిగొస్తుంది. టీ బాగోలేదని మా ఆవిడ, ట్యాంకర్ డబ్బులు ఎవరిస్తారని పై ఫ్లోరువాళ్లు. ఒకటే టెన్షన్.

మా డాబా 200 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే పదివేల లీటర్లు. అన్నీ తిన్నగా కాలవలోకే! ఆ నీళ్లు భూమిలోకి ఇంకాలని బోరు పక్కన ఆరడుగుల గొయ్యి తీయించి అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆపైన ఇసుక వేయించాం. డాబా మీది దుమ్ము దిగకుండా తొలి వాన నీళ్లు బయటికే వదిలేస్తాం. పార్కింగ్ పోతుందని ఒకాయన మూడు మీటింగులు అడ్డుపడ్డాడు. (ఆయనకి కారే లేదు.)

మొన్నటి వానకి గొయ్యి నిండి, గంటలో ఇంకిపోయింది. ఉప్పు మాత్రం ఇంకా తగ్గలేదు. ఫోన్లో చెబితే నాన్న అడిగిన మొదటి మాట: "వాటాలెలా వేసుకున్నార్రా?"