అయ్యగారు రాని ఆదివారం

గుంటూరుకు లూథరన్ మిషనరీ హయ్యర్ దొర వచ్చింది 1842లో. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి (ఏఈఎల్‌సీ) ఏర్పడింది 1927లో. కానీ పల్లె సంఘాన్ని నిలబెట్టింది జీతం లేని సంఘ పెద్దలే. ఒక్క పాస్టరుగారికి నాలుగైదు ఊళ్లుంటే, ఆయన రాని ఆదివారం ఆరాధన నడిపేది వీళ్లే. ప్రార్థన, వాక్య పఠనం, ప్రసంగం చేయొచ్చు. ప్రభు రాత్రి భోజనం మాత్రం అయ్యగారి కోసం ఆగాలి.

బాప్తిస్మానికి ఒక మినహాయింపుంది. బిడ్డ ప్రాణం మీదికొస్తే విశ్వాసి ఎవరైనా నీళ్లు పోసి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున ఇవ్వొచ్చు. తర్వాత అయ్యగారికి చెప్పి రిజిస్టరులో ఎక్కించాలి. ఇక్కడే చాలామంది మర్చిపోతారు. పదిహేనేళ్లకు సర్టిఫికెట్ కావాల్సి వచ్చినప్పుడు గొడవ మొదలవుతుంది.

అసలు పరీక్ష కానుకల దగ్గర. సంచీ విప్పేటప్పుడు ఇద్దరుండాలి. లెక్కపెట్టి, అక్కడే పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. "రేపు రాద్దాంలే" అన్నారా, నిజాయితీపరుడి మీద కూడా అనుమానం వస్తుంది. పిడికెడు బియ్యం, కోళ్లు, గుడ్లు వస్తే ఆరాధన అయ్యాక వేలం వేసి, పాడినవాళ్ల పేరూ మొత్తమూ రాయాలి. అరువు పాట ఒప్పుకోకపోవడమే మేలు. మొహమాటానికి ఒప్పుకుంటే ఆ బాకీ వసూలు కాదు, ఆ మనిషీ గుడికి రావడం మానేస్తాడు.

ఇన్నేళ్లు చేసిన పెద్ద దిగిపోయేటప్పుడు రిజిస్టర్లు, పాసుపుస్తకం, స్థలం కాగితాలు జాబితా రాసి అప్పగించాలి. వాటిని ఇంట్లో బీరువాలో ఉంచకూడదు.