మా ఊరి చెరువులో గాలానికి అనుమతి: నా అనుభవం

చిత్తూరు చుట్టుపక్కల ఆదివారం పూట ఏ చెరువు కట్ట మీదికి వెళ్లినా గాలాలు పట్టుకుని కూర్చున్నవాళ్లు కనబడతారు. చాలామంది నాలాగే ఉద్యోగాలు చేసుకుంటూ సరదా కోసం వచ్చేవాళ్లు. ఏ నెలల్లో పట్టకూడదు, రోజుకు ఎన్ని పట్టొచ్చు, ఎవరిని అడిగి పట్టాలి అని కదిపితే, "గాలానికి రూల్సేంది సార్, అవన్నీ వలకు గదా" అంటారు. ఆ మాటతో నేను సరిపెట్టుకోలేకపోయాను. మా ఊరి పెద్ద చెరువులో కొరమీను కళ్లముందే తగ్గిపోతోంది. చిన్నప్పుడు మా నాయన పట్టి తెచ్చేవి మూరెడుండేవి. ఇప్పుడు జానెడు పిల్ల పడినా సంచిలో వేసుకుని పోతున్నారు. గాలం వదులుకోవాలని నాకు లేదు. కానీ నేను తీసుకునేది ఆ చెరువు తట్టుకోగలిగినంతే కావాలి, ఆ చెరువు మీద బతికేవాళ్లు ఒప్పుకున్నదై ఉండాలి. అందుకే అనుమతి కోసం తిరగడం మొదలుపెట్టాను. మన వైపు ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది, ఆ నీళ్లలోని చేపలు ఎవరివి అన్నది. చెరువు ఒకటే అయినా దాని మీద హక్కులు చాలా ఉంటాయి. ఆయకట్టుకు నీళ్లు వదిలేది ఒకరు, చేపల మీద ఆదాయం తీసుకునేది ఇంకొకరు. మన దగ్గర చిన్న చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా పంచాయతీది. పెద్ద చెరువులు, పిచ్చాటూరు దగ్గరి ఆరణియార్ లాంటి జలాశయాలు మత్స్యశాఖ చేతిలో ఉంటాయి. రాజ్యాంగంలోనే దీనికి మూలం ఉంది: 7వ షెడ్యూలులో రాష్ట్ర జాబితాలోని 21వ అంశం చేపల పరిశ్రమ, పంచాయతీలకు సంబంధించిన 11వ షెడ్యూలులో 5వ అంశమూ అదే. కాబట్టి ఢిల్లీ నుంచి దేశమంతటికీ ఒకే సీజను, ఒకే పరిమితి రావు. రాష్ట్రాన్ని బట్టి, నీళ్లను బట్టి మారతాయి. అడవిలోని నీళ్ల సంగతి అసలే వేరు. తలకోన వైపు ఉన్నది 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం. అక్కడ వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, గాలం మాటే ఎత్తకూడదు. తిరుపతి మిత్రులు కొందరు వాగుల్లో, మడుగుల్లో గాలం వేయడం చిన్న విషయంగా చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

మా చెరువు లీజు ఎవరిదో కనుక్కోవడానికే చాలా తిరగాల్సి వచ్చింది. ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు, అక్కడికి వెళితే రిజిస్టరు చూసే మనిషి సెలవన్నారు. చివరికి దారి చూపించింది గ్రామ సచివాలయంలో పనిచేసే ఫిషరీస్ అసిస్టెంట్. చిన్న వయసు కుర్రాడు, చెరువుల లెక్క నోటిమీద ఉంది. "సార్, ఈ చెరువు మత్స్యకారుల సహకార సంఘానికి లీజులో ఉంది. ఫసలీ ప్రకారం ఇస్తారు. సంఘం ఒప్పుకోకుండా మీరు ఒక్క చేప తీసినా వాళ్ల సొత్తు తీసినట్టే" అన్నాడు. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల ఏడాది, అది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. 2024 జూలైలో మొదలైనది 1434 ఫసలీ. లీజు కాగితాల్లో ఇదే లెక్క ఉంటుంది గనుక ఎవరైనా అర్జీ పెట్టుకునేటప్పుడు ఏ ఫసలీకి అడుగుతున్నారో రాయడం మంచిది.

సీజను గురించి కూడా అతన్నే అడిగాను. ఇందులో మనవాళ్లకు ఒక గందరగోళం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం అని పేపర్లలో వస్తుంది. ఆ 61 రోజుల నిషేధం సముద్రంలో మరపడవలకు, మన చెరువులకు కాదు. నదులు, జలాశయాల్లో నిషేధం జూలై, ఆగస్టు నెలల్లో ఉంటుంది. వరద నీటికి ఎదురెక్కి చేపలు గుడ్లు పెట్టే కాలం అది. నదులు, చెరువుల నియమాలకు వెనక 1897 నాటి భారత మత్స్య చట్టం ఉంది. చాలా చిన్న చట్టం, ఓపికగా చదివాను. తూటాలు పేల్చి చేపలు పట్టడం, నీళ్లలో విషం కలపడం దాని 4, 5 సెక్షన్ల ప్రకారం నేరాలు. 6వ సెక్షన్ నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది. వల ఎలాంటిది వాడాలి, దాని కన్ను ఎంత ఉండాలి, అడ్డుకట్టలు ఎక్కడ కట్టకూడదు అని నియమాలు పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి అందులో ఉంది. ఫలానా నీళ్లలో రెండేళ్లకు మించకుండా వేట పూర్తిగా ఆపే అధికారమూ ఉంది. అంటే ఒక్కొక్క చెరువును విడిగా చూసి నియమం పెట్టొచ్చన్న ఆలోచన ఆ రోజుల్లోనే చేశారు.

బయట చోట్ల ఎలా ఉందో కూడా చూశాను. హిమాచల్ ప్రదేశ్‌లో ట్రౌట్ చేపను నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా పట్టనివ్వరు, చలికాలంలో అది గుడ్లు పెడుతుంది గనుక. కాలిఫోర్నియాలో ఉండే మా బావను అడిగితే, అక్కడ 16 ఏళ్లు నిండినవాళ్లు గాలం వేయాలంటే లైసెన్సు ఉండాలన్నాడు. ఒక రోజులో పట్టదగినవి ఒక లెక్క, ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్నవాటితో కలిపి మన దగ్గర ఉండదగినవి ఇంకో లెక్క అని కూడా చెప్పాడు. ఈ రెండో లెక్క నాకు బాగా నచ్చింది. వరసగా నాలుగు రోజులు సెలవులొస్తే రోజుకింత అని పట్టి దాచుకునేవాళ్లను ఆపేది అదే.

ఇక సంఘం. అర్జీ రాసుకుని అధ్యక్షుడి ఇంటికి వెళ్లాను. ఆయన మా నాయనను ఎరిగినవాడు, కూర్చోబెట్టి మాట్లాడాడు. కానీ "నేనొక్కణ్ని ఊఁ అంటే చాలదు నాయనా, మీటింగులో పెట్టాల" అన్నాడు. అది న్యాయమే. సహకార సంఘం కాబట్టి తీర్మానం పుస్తకంలో ఎక్కితేనే ఆ అనుమతికి విలువ.

ఆ మీటింగు ముందు నాకు టెన్షన్‌గానే ఉండింది. నేను మాట్లాడటం మొదలుపెట్టగానే ఒక కుర్రాడు లేచి, "అన్నా, మీకు ఆదివారం పొద్దుపోక. మాకు అదే కూడు. లీజు కట్టింది మేము, పిల్ల పోసింది మేము. మీరొచ్చి బొచ్చెలు తీసుకుపోతే ఆ లెక్క ఎవరు కడతారు?" అన్నాడు. అతను అడిగినదాంట్లో తప్పేమీ లేదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి పారే నీళ్లు కావాలి. 1957 జూలై 10న మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌదురి ఇంజక్షనుతో వీటి చేత గుడ్లు పెట్టించే పద్ధతి సాధించాకే హేచరీల పిల్ల దేశమంతా చెరువులకు చేరింది. ఆ రోజునే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. కాబట్టి మా చెరువులో ఉన్న ప్రతి బొచ్చె వెనకా సంఘం పెట్టిన డబ్బు ఉంది. దానికి పరిమితి పెట్టడమంటే ఒకరి పెట్టుబడికి లెక్క చెప్పడమే.

కొరమీను అలా కాదు. దాన్ని ఎవరూ పోయలేదు, చెరువుదే అది. వానలకు కొత్త నీళ్లు రాగానే గట్టు వారన జమ్ము, నాచు మధ్య గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. ఎర్రగా, గుంపుగా నీటి పైపొరలో తిరుగుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తూ ఉంటాయి. గాలం వేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆ ఎర్రపిల్ల గుంపులోకే కప్పను విసురుతారు. కాపలా ఉన్నది ఆకలితో కాదు, పిల్లను కాచుకోవడానికి మీదికొచ్చి కరుస్తుంది. దాన్ని తీసేస్తే ఆ పిల్లంతా మిగతా చేపలకు మేతే. రోజంతా పట్టిన జెల్ల చేపలన్నీ కలిపినా చెరువుకు జరగనంత నష్టం ఆ ఒక్క కొరమీనును తీయడంతో జరుగుతుంది. ఈ సంగతే మీటింగులో చెప్పాను. గాలం వేసేవాళ్లకు సీజను పెట్టండి, పరిమితి పెట్టండి, నేను మొదట సంతకం చేస్తానన్నాను.

నేను జూలై, ఆగస్టు అని రాసుకెళ్లాను. వెనక కూర్చున్న ఒక పెద్దాయన కాదన్నాడు. "ఆ నెలల్లో మన చెరువులో నీళ్లు యాడుంటాయి నాయనా? తూము కాడ ఇంత మడుగు ఉంటాది, అంతే. దసరా దాటినాక తుపాను వానలు పడతాయి చూడు, అప్పుడు తిరగతాది ఎర్రపిల్ల." ఆయన మాటతో గదిలో అందరూ తలూపారు. నిజమే, కృష్ణా, గోదావరుల వరద వేరు, మన వాన వేరు. మనకు చెరువులు నిండేది ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించినదీ ఆ వానలకే. కాబట్టి జూలై, ఆగస్టు ఎలాగూ ఆపి, కొరమీనుకు అక్టోబరు మొదలు నుంచి సంక్రాంతి దాకా కూడా ఆపాలని నిర్ణయించారు. ఏ నెలలోనైనా సరే, ఎర్రపిల్ల కనబడిన చోట గాలం వేయకూడదని ఆ పెద్దాయనే చేర్పించాడు. తేదీల కంటే ఆ నియమమే బలమైనదని నా అభిప్రాయం.

మిగతావి త్వరగానే తేలాయి. మనిషికి ఒక్క గాలం, రోజుకు 50 రూపాయలు సంఘానికి. కొరమీను రోజుకు రెండు, అడుగు కంటే చిన్నదైతే వదిలేయాలి. దాదాపు ఆ పొడవుకు వస్తేగానీ అది గుడ్లు పెట్టే వయసుకు రాదు. బొచ్చె జాతివి ఒక్కటి, అదీ తూకం వేయించి సంఘం రేటు కడితేనే. జిలేబి చేపకు (తిలాపియా) పరిమితి లేదు, ఎన్నయినా తీసుకుపొమ్మన్నారు. 1952లో మన దేశంలోకి వచ్చిన ఈ ఆఫ్రికా చేప ఏడాదికి చాలాసార్లు పిల్లలు పెట్టి చెరువంతా నిండిపోతుంది. అది తగ్గితే పోసిన పిల్లకు మేత మిగులుతుంది. చెరువు నిండి మిగులు నీరు మొరవ మీదుగా బయటికి పోయే రోజుల్లో మొరవ దగ్గర ఎవరూ గాలం గానీ వల గానీ వేయకూడదన్నది చివరి నియమం. నీటికి ఎదురెక్కే చేప అక్కడ పిల్లాడి చేతికి కూడా దొరుకుతుంది, అందుకే అక్కడ దాన్ని కాపాడాలి. ఇది సంఘం సభ్యులకు కూడా వర్తించాలని నేను అడగకముందే అధ్యక్షుడు అన్నాడు. అందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

తీర్మానం నకలు మీద సంతకాలు, సంఘం ముద్ర వేయించుకుని ఒక కాపీ సచివాలయంలో ఇచ్చాను. గాలానికి వెళ్లినప్పుడల్లా ఒకటి నా సంచిలో ఉంటుంది. కట్ట మీద కూర్చునే మిగతావాళ్లకు ఈ నియమాలు చెప్పడం నా వంతైంది. కొందరు వెంటనే ఒప్పుకున్నారు. ఇద్దరు ముగ్గురు వేరే చెరువుకు వెళ్లిపోయారు. ఆ చెరువుకు కూడా ఒక సంఘం ఉంటుంది కదా అని బాధేసింది.

వదిలేయడం కూడా నేర్చుకోవలసిన పనే. చిన్నది పడితే చేతులు తడుపుకుని పట్టుకోవాలి, పొడి చేతులతో పట్టుకుంటే ఒంటి మీది జిగట పోయి తర్వాత జబ్బు చేస్తుంది. గాలం కొసన ఉండే ఎదురుముల్లును ముందే పట్టకారుతో నొక్కేసుకుంటే ఊడదీయడం తేలిక. లోపలికి మింగేస్తే లాగకుండా దారం దగ్గరగా కత్తిరించి వదలాలి. గాలపు కర్ర మీద అడుగు పొడవు దగ్గర ఎర్ర పెయింటుతో గీత పెట్టుకున్నాను, కొలతకు టేపు వెతుక్కోనక్కర్లేదు.

ఈ అనుమతి ఒక్క ఫసలీకే. జూన్ ఆఖరులోగా మళ్లీ అర్జీ పెట్టాలి. ఈసారి వాలుగ చేపను కూడా జాబితాలో చేర్చమని అడగబోతున్నాను. అది ఇప్పుడు ఏ నియమంలోనూ లేదు, పెద్దవి కనబడటం బాగా తగ్గిపోయింది. ఎంత పొడవుకు పరిమితి పెట్టాలో ఆ పెద్దాయననే అడగాలి.