మునివేళ్ళ మీద పాట

ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికా వచ్చిన మనవాళ్ళు ఇసికాథమియా పాట వినగానే జానపదం అనుకుంటారు. అది పల్లెపాట కాదు. కూలికోసం ఊరొదిలి డర్బన్‌కీ జోహానెస్‌బర్గ్‌కీ చేరిన జులూ జాతి మగవాళ్ళ బృందగానం. అక్కడి కూలీల హాస్టల్ బతుకే దానికి ఆకారం ఇచ్చింది.

1986లో రద్దయ్యేదాకా పాస్ చట్టాల (నల్లవాళ్ళు పట్నంలో ఉండాలంటే అనుమతిపత్రం ఉండాలనే చట్టాల) పట్టు అలాంటిది: మగాడు హాస్టల్లో, పెళ్ళాం పిల్లలు ఊళ్ళో. ఆడగొంతు లేకపోవడంతో పైస్థాయి కూడా మగవాళ్ళే సన్నగొంతు పెట్టి అందుకున్నారు. 1939లో 'ఎంబూబే' అనే పాట రికార్డు చేసిన సాలమన్ లిండా ఈవెనింగ్ బర్డ్స్ జట్టులో ఆరుగురుంటే ముగ్గురు మంద్రం పాడేవాళ్ళే. తర్వాత జోసెఫ్ షబలాలా జట్టు లేడీస్మిత్ బ్లాక్ మంబాజోలో ఆ మంద్రం ఏడుగురికి పెరిగింది. ఆల్టో (పైస్థాయి గొంతు) ఒకరు, టెనర్ (మధ్యస్థాయి గొంతు) ఒకరు, ముందు నడిపిన గొంతు షబలాలాది.

అంతమంది ఎందుకంటే, తంబూరా లేదు, హార్మోనియం లేదు. ఆ ఏడుగురే శ్రుతి. ఒక్కడే ఉంటే అతను ఊపిరి తీసుకున్నప్పుడల్లా పాట కింద నేల జారిపోతుంది. ఏడుగురైతే వంతులవారీగా పీల్చుకోవచ్చు, శ్రుతి తెగదు. అందరూ చరణం చివరే ఊపిరి తీసుకుంటే మాత్రం ఎంతమందున్నా ఒకటే.

ఇసికాథమియా పేరులోని 'కాథమా' అంటే జులూలో పిల్లిలా నడవడం. హాస్టల్ కాపలావాళ్ళకి వినబడకుండా పాడుతూ మునివేళ్ళ మీద అడుగులేసేవాళ్ళమని పాతవాళ్ళు చెప్పేమాట. కారణం ఏదైనా, పాటకి అది మేలే చేసింది. మడమ దబ్బుమని పడితే మంద్రం వినబడదు, ముందు పాడేవాడు గొంతు పెంచుతాడు, పెంచగానే శ్రుతి పైకి జారుతుంది.

పోటీలు శనివారం రాత్రి మొదలై ఆదివారం తెల్లారేదాకా. సెలవు దొరికేది అప్పుడే. జట్టులో చాలామంది ఒకే ప్రాంతంవాళ్ళు కావడంతో తెలిసినవాణ్ణి జడ్జిగా పెడితే గొడవ. అందుకే బయటినుంచి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని, చాలాసార్లు జులూ రాని తెల్లవాణ్ణి, తెచ్చి కూర్చోబెట్టేవారు. (మన ఉగాది పోటీలకి ఈ పద్ధతి పనికొస్తుంది.) అదే రాత్రి పాటల పక్కనే స్వెంకా అని సూట్ల పోటీ కూడా నడుస్తుంది. టై, మేజోళ్ళు, చేతి గడియారం ఒక్కొక్కటే చూపిస్తూ నెమ్మదిగా తిరుగుతారు.