ట్రెంచి తవ్విన పాత చైన్ బండి: ముందు స్వింగ్ చూడండి

మట్టి తవ్వే చైన్ బండి ఏ కంపెనీదైనా మన దగ్గర పొక్లెయిన్ అనేస్తాం. అది ఫ్రాన్స్ కంపెనీ పేరు. వాళ్ళ టీవై45, 1961లోనే చుట్టూ తిరిగే హైడ్రాలిక్ బండి. క్యాటర్‌పిల్లర్ కంపెనీ 1972లో గానీ 225 మోడల్‌తో ఈ రంగంలోకి దిగలేదు. 235, 245 ఆ తర్వాతవి. 245 అంటే అరవై టన్నుల పైమాటే.

ఇలాంటి పాత బండి కొనేవాళ్ళు ఇంజను పొగ, బకెట్ పళ్ళు చూస్తారు. పైపులు వేయడానికి ట్రెంచి, అంటే పొడవాటి కందకం, తవ్విన బండికి అసలు అరుగుదల స్వింగ్‌లో, అంటే పైభాగం తిరిగే చోట ఉంటుంది. 1975–77లో అలాస్కాలో వేసిన 48 అంగుళాల పైపు లెక్కే తీసుకోండి: పైపు 1.22 మీటర్లు, పైన మీటరు మట్టి, కింద 15 సెంటీమీటర్ల మెత్తటి పరుపు. దాదాపు 2.4 మీటర్ల లోతు. బండి లైను మీద నిలబడి, స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే పళ్ళ చక్రం) వెనక్కి పెట్టుకుని, వెనక్కి నడుస్తూ తవ్వుతుంది. రెండో పక్క పైపులకీ వెల్డర్లకీ వదలాలి కాబట్టి మట్టి ఎప్పుడూ ఒకే పక్కకి పోస్తుంది. రోజంతా అదే పావు చుట్టు. పైభాగం తిరగడానికి ఉండే పెద్ద పళ్ళ చక్రం, అంటే రింగ్ గేర్‌లో ఆ మేర పళ్ళే అరుగుతాయి, బేరింగ్ ట్రాక్ (గుళ్ళు దొర్లే దారి) అక్కడే గుంట పడుతుంది.

చూడటం కష్టమేం కాదు. బూమ్ పూర్తిగా చాచి, బకెట్ నేలకి కాస్త పైన ఆపి, బేరింగ్ దగ్గర డయల్ గేజ్ (చిన్న కదలికని ముల్లుతో చూపే కొలత సాధనం) సున్నాకి పెట్టండి. తర్వాత బకెట్‌ని నేలకి నొక్కి బండి ముందు భాగం లేపండి. ముల్లు ఎంత జరిగిందో రాసుకోండి. పైభాగాన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్లా ఇదే చేయాలి. ఒక్కచోటే ఎక్కువొస్తే ట్రెంచి బండే. అన్నిచోట్లా ఒకేలా ఉంటే మాన్యువల్‌లో హద్దు చూసుకోండి. గ్రీజు కూడా ఒక్కచోటే నిలబెట్టి కొట్టకూడదు, తిప్పుతూ కొట్టాలి.

బకెట్‌ని కదిలించే హైడ్రాలిక్ జాకీ సీలు సంగతి: బకెట్ పూర్తిగా ముడిచి నేలకి ఆనించి, ఇంజను ఆపి, ప్రెషర్ వదిలేయండి. జాకీకి రాడ్ వైపు హోస్ విప్పి, హోస్ కొసకి మూత బిగించండి, జాకీ రంధ్రం తెరిచే ఉంచండి. స్టార్ట్ చేసి ముడిచే లీవరు పట్టి ఉంచితే ఆ రంధ్రంలోంచి ఆయిల్ ఆగకుండా వస్తుందా? సీలు పోయినట్టే. రాకపోయినా బకెట్ జారుతుంటే వాల్వు మీద అనుమానపడండి.

లీవర్ల వరస (ఏ లీవరు ఏ పని చేస్తుందో) మాత్రం కదిలించే ముందే అడగండి. అప్పట్లో కంపెనీకో వరస.