కార్లు అమ్మేశాక గ్రాండ్ కేన్యన్‌కి

అమెరికా వదిలి ఇండియా వెళ్లిపోయేలోపు చూడాల్సినవాటి జాబితాలో మా ఇంట్లో మొదటి పేరు కెనడాలోని బాన్ఫ్ పార్కు. దాన్ని కొట్టేయించింది ఖర్చు కాదు, వీసా. హెచ్1బి (అమెరికా ఉద్యోగ వీసా) మీద చేసే ఉద్యోగం ఆగాక 60 రోజుల దాకా (ఉండనిచ్చే గడువు రాసుండే ఐ-94 కాగితం మీది తేదీ ముందుంటే ఆ తేదీ దాకా) ఉండనిస్తారు. ఆ గడువు అమెరికాలో ఉన్నంతసేపే. సరిహద్దు దాటితే అక్కడితో సరి, పాత హెచ్1బి మీద వెనక్కి రావడం కుదరదు. పెట్టెలన్నీ కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో మిత్రుడి గరాజ్‌లో పెట్టుకుని మనం బాన్ఫ్ పక్క కాల్గరీలో ఇరుక్కుంటే ఏం చేస్తాం? అందుకని 2024 జూన్‌లో యూటా, అరిజోనా వైపు తిరిగాం: వేగస్ నుంచి జయాన్, బ్రైస్ పార్కులు, అరిజోనాలోని పేజ్ ఊరు, గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు), మళ్లీ వేగస్.

ఇంటి సామాను కంటైనర్ ఎక్కించి, కార్లు అమ్మేసి, ఆ తర్వాత అద్దెకారులో తిరగడమే అందరూ చేసేది. ఇందులో ఒక గొయ్యి ఉంది. సొంత కారు బీమా ఉన్నన్నాళ్లూ మామూలుగా అదే అద్దెకారుకీ వర్తిస్తుంది. కారు అమ్మి పాలసీ రద్దు చేసిన రోజున అదీ పోతుంది. క్రెడిట్ కార్డు ఇచ్చే రక్షణ అద్దెకారుకు తగిలిన దెబ్బకే. ఎదుటివాడి కారుకో, ఎదుటివాడికో ఏమైనా అయితే కార్డు పైసా కట్టదు. కౌంటర్ దగ్గర అమ్మే లయబిలిటీ బీమాని ఏళ్ల తరబడి వద్దనడం మనకి అలవాటు. ఈసారి మాత్రం అదే కావాలి. ధర చూస్తే కడుపు మండుతుంది కానీ తప్పదు. లేదంటే రెండో కారు అమ్మకుండా, దాని పాలసీని తిరిగొచ్చేదాకా ఉంచుకోవాలి. ఆఫీసు ఆరోగ్య బీమా ఆగిపోతే కోబ్రా ఉంది, అంటే ఆ బీమానే సొంత డబ్బుతో కొనసాగించుకునే ఏర్పాటు. ఒప్పుకోవడానికి 60 రోజుల టైమిస్తారు, ఒప్పుకుంటే పాత బీమా ఆగిన రోజు నుంచే లెక్క. ఫారం సంచిలో పెట్టుకుని తిరిగితే చాలు, అవసరం పడితేనే డబ్బు కట్టొచ్చు. పాస్‌పోర్టులు, పిల్లల స్కూలు కాగితాలు మాత్రం కంటైనర్‌లోకి పోకుండా చూసుకోవాలి.

2024లో మేం వెళ్లినప్పుడు నేషనల్ పార్కుల ఏడాది పాసు 80 డాలర్లు. మూడు పార్కులకి విడివిడిగా కార్‌కి 35 చొప్పున కడితే 105 అయ్యేది. అప్పట్లో పాసు మీద ఇద్దరు సంతకం చేయనిచ్చేవారు, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కానక్కర్లేకపోయింది. రెండో సంతకం, సగం డబ్బు ఫ్రీమాంట్ మిత్రుడివి.

ఈ పాసు చెల్లనిది పేజ్ పక్కనున్న ఇరుకు రాతిసందు, యాంటిలోప్ కేన్యన్‌లో. అది నవాహో అనే ఆదివాసీ తెగ భూమి, గైడు లేనిదే అడుగు పెట్టనివ్వరు. మిట్టమధ్యాహ్నం కిరణాలు దిగే వేళకి అప్పర్ కేన్యన్ టికెట్ మనిషికి వంద డాలర్లు దాటింది. లోయర్ కొంచెం చవక, కాకపోతే నిటారు ఇనుప నిచ్చెనలు దిగాలి. సంచులు తేనివ్వరు. ఇక్కడ వానంటే పైన పడేది కాదు. 1997 ఆగస్టు 12న ఎక్కడో ఎగువన కురిసిన వాన నీళ్లు ఈ సందులోకి దూకి 11 మందిని పొట్టన పెట్టుకున్నాయి. పేజ్‌లో ఎండ కాస్తున్నా టూర్ రద్దు చేశారంటే గొడవ పడకండి.

అసలు తలనొప్పి గడియారం. యూటా వేసవిలో గంట ముందుకి జరుపుతుంది, అరిజోనా జరపదు, అరిజోనా లోపలే ఉన్న నవాహో నేల జరుపుతుంది. యాంటిలోప్ నవాహోలదే అయినా టూర్లు నడిచేది పేజ్ టైముకే, అంటే అరిజోనా టైముకే. ఏ టవర్ దొరికితే ఫోన్ ఆ టైముకి మారిపోతుంది. కారులో పక్కపక్కనున్న మా రెండు ఫోన్లు గంట తేడా చూపించాయి. నవాహో టవర్‌ని నమ్మితే గంట ముందొచ్చి ఎండలో నిలబడతారు, అంతే. ఫోన్ అప్పటికే మారిపోయిందని చూసుకోకుండా "యూటా టైములోంచి గంట తీసెయ్యాలి" అని మళ్లీ తీసేస్తే టూర్ తప్పుతుంది. నవాహో నేలలోనే ఉన్న మాన్యుమెంట్ వేలీకి పోయేవాళ్లకి లెక్క తిరగబడుతుంది: అక్కడ నవాహో టైమే, పేజ్ టైముతో వెళ్తే గంట ఆలస్యం. ఫోన్‌లో ఆటోమేటిక్ టైము తీసేసి ఫీనిక్స్ (అరిజోనా రాజధాని) టైము పెట్టుకుంటే పేజ్ వరకూ బాధ లేదు.

తిండి సంగతి. బ్రైస్ 8,000 అడుగుల ఎత్తు. అక్కడ నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు రైస్ కుక్కర్‌లో అన్నం పలుకుపలుకుగా దిగుతుంది, కందిపప్పు గంటైనా మెత్తబడదు. ప్రెషర్ ఉన్న ఇన్‌స్టంట్ పాట్ అయితేనే పప్పు. గదిలో పోపు పెడితే పొగకి అలారం మోగుతుంది, కాబట్టి పులిహోర పులుసు ఇంటి దగ్గరే కాచి సీసాలో పోసుకెళ్లాలి. కూలర్‌లోకి ఐసు దిమ్మ కొనండి, ముక్కలు పూటకి కరిగిపోతాయి.

పేజ్ నుంచి 89వ నంబరు హైవే మీద కామెరన్ ఊరి దాకా, అక్కడ 64వ నంబరు రోడ్డు పట్టుకుంటే సౌత్ రిమ్ తూర్పు గేటు. పెట్రోల్ ఆ గేటు దగ్గర డెజర్ట్ వ్యూలోనో, దక్షిణ గేటు బయట టుసాయన్‌లోనో పోయించుకోవాలి. మధ్యలో గ్రాండ్ కేన్యన్ విలేజ్‌లో బంకు లేదు. ఈ తూర్పు అంచు మీదే ఆగి చూడండి. 1880ల్లో క్లారెన్స్ డట్టన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి శిఖరాలకి విష్ణు, శివ టెంపుల్ అని పేర్లు పెట్టాడు. లోయ అడుగున ఉన్న నల్లరాయి పేరు కూడా విష్ణు షిస్టే. ఎవరేమన్నా, మొదటి చూపుకి నాకు గండికోటే గొప్ప. అక్కడ బండల మీద కూర్చుంటే పెన్నా కళ్ల ముందుంటుంది. ఇక్కడ మైలు లోతు, చాలాచోట్ల కొలరాడో నది కనపడనే కనపడదు, ఎదురుగా నాటకం తెర కట్టినట్టుంటుంది. కాస్త కిందికి దిగితేనే లోతు తెలుస్తుంది.

దిగడానికి బ్రైట్ ఏంజెల్ బాట. పిల్లలతో అయితే మైలున్నర రెస్ట్‌హౌస్ దాకా చాలు, 1,100 అడుగులు దిగినట్టు. దిగిన టైముకి రెట్టింపు ఎక్కడానికి పెట్టుకోవాలి. జూన్‌లో అంచు మీద చల్లగాలి తగులుతున్నా దిగేకొద్దీ వేడి పెరుగుతుంది, నది దగ్గర 40 దాటుతుంది. ఒక్క రోజులో నదికి వెళ్లి రావద్దని బోర్డులు పెట్టింది అందుకే. ఉప్పు తగలకుండా ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి కళ్లు తిరుగుతాయి. ప్రతి గుక్కకీ ఒక చేగోడీ ఉండాలి. తెల్లవారుజామున దిగి, పదింటికల్లా పైకి వచ్చేయండి.