నార్తింగ్‌లో మాయమైన దశాంశాలు: నా అనుభవం

హనుమకొండలో మాది నలుగురే ఉన్న చిన్న సర్వే ఆఫీసు. చెరువుల లెవెల్స్ తీస్తాం. కట్ట, తూము, మత్తడి, శిఖం అన్నీ. టోటల్ స్టేషన్ (దూరాలు, కోణాలు కొలిచే సర్వే పరికరం) నుంచి దింపిన సీఎస్‌వీ ఫైళ్లు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టికలు) మూడేళ్లుగా ఫోల్డర్లలో పేరుకుపోయాయి. ఫలానా చెరువు మత్తడి ఆర్‌ఎల్ (రెడ్యూస్డ్ లెవెల్, అంటే ఎత్తు) ఎంత అని ఎవరైనా ఫోన్ చేస్తే పావుగంట వెతుకులాట. ఈ ఎండాకాలం అన్నిటినీ మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్‌కి ఎక్కిద్దామని పని నెత్తిన వేసుకున్నాను.

ఇంపోర్ట్ చేస్తే ఆ క్షణాన ఉన్న కాపీ వస్తుంది, అంతే. తర్వాత ఫైలు మారినా టేబుల్‌కి తెలియదు. లింక్ చేస్తే ఫైలు తన చోటే ఉంటుంది, యాక్సెస్ అక్కడికి వెళ్లి చదువుకుంటుంది. నాకు కావాల్సింది లింకే. చేయడానికి రెండు నిమిషాలు పట్టింది. దాన్ని నమ్మగలిగే స్థితికి తేవడానికి పదకొండు రోజులు పట్టింది.

మొదట సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి, సేవ్ చేసి, ఆ ఎక్సెల్ ఫైలుని లింక్ చేశాను. పాయింట్ నంబర్ల కాలమ్‌లో అక్కడక్కడా ఎర్రర్. మా ఇన్‌స్ట్రుమెంట్ తమ్ముడికి మధ్యలో ఇంకో పాయింట్ కావాల్సొస్తే 412ఏ అని కొడతాడు. యాక్సెస్ పైనున్న కొన్ని వరసలు చూసి ‘ఇది అంకెల కాలమ్’ అని తేల్చేసుకుంటుంది. ఎక్సెల్ లింక్‌లో ఆ నిర్ణయాన్ని మార్చే వీలు లేదు. అందుకే ఎక్సెల్‌ని పక్కన పెట్టి నేరుగా సీఎస్‌వీనే లింక్ చేశాను. అక్కడ అడ్వాన్స్‌డ్ బటన్ ఉంటుంది. ఏ కాలమ్ టెక్స్టో, ఏది నంబరో మనమే చెప్పొచ్చు. తేదీలో రోజు ముందా నెల ముందా అన్నది కూడా.

లింక్ చేసిన సీఎస్‌వీలో ఉన్న విలువల్ని అక్కడే దిద్దలేం. కాబట్టి ఒక అపెండ్ క్వెరీ (ఒక టేబుల్ వరసల్ని ఇంకో టేబుల్‌కి చేర్చే ఆదేశం) రాసి, పాయింట్లను సొంత టేబుల్‌లోకి తెచ్చుకున్నాను. అసలు దెబ్బ ఇక్కడే తగిలింది.

రెండు చెరువులు ఎక్కించాక తమ్ముడు డ్రాయింగ్ తీసి, “అన్నా, తూము గోడలు గిట్ల వంకర్లు పోయినయేంది?” అన్నాడు. తప్పు వాడి మీదకే తోశాను, ప్రిజం పోల్ నిటారుగా పట్టలేదేమో చూడు అని. వాడు మాట్లాడకుండా సీఎస్‌వీ తెరిచి చూపించాడు. అందులో నార్తింగ్, అంటే ఉత్తరం దిక్కుగా మీటర్లలో కొలత, 1987412.306 అని ఉంది. నా టేబుల్‌లో దశాంశాలే లేవు. చూపించడంలోనే తేడా అనుకున్నాను. కాదు.

టేబుల్ చేసినప్పుడు జాగా కలిసొస్తుందని ఆ కాలమ్‌లకి సింగిల్ అనే చిన్న నంబర్ రకం పెట్టాను. సింగిల్ దాదాపు ఏడు అంకెల వరకే నమ్మకంగా దాచగలదు. మన నార్తింగ్‌కి చుక్క ముందే ఏడు అంకెలున్నాయి. అంత పెద్ద సంఖ్య సింగిల్‌లో పన్నెండున్నర సెంటీమీటర్ల మెట్ల మీదే నిలబడుతుంది. .306 వెళ్లి .250 మీద కూర్చుంది. ఈస్టింగ్‌లో, అంటే తూర్పు దిక్కు కొలతలో, మెట్టు మూడు సెంటీమీటర్ల పైచిలుకు. ఆర్‌ఎల్ 260 మీటర్ల చుట్టూ ఉండే చిన్న సంఖ్య కాబట్టి దానికేమీ కాలేదు. మేమంతా ముందు చూసేది ఆర్‌ఎల్‌నే. అందుకే ఎవరి కంటా పడలేదు. కాలమ్‌ని ఎక్కువ అంకెలు పట్టే డబుల్ రకానికి మార్చినా పోయిన దశాంశాలు తిరిగి రావు. టేబుల్ ఖాళీ చేసి, సీఎస్‌వీ నుంచి మళ్లీ ఎక్కించాను. తమ్ముడికి ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు నా ఖాతాలోనే.

అప్పటినుంచి ఎక్కించే ముందు ఒక చిన్న క్వెరీ నడుపుతున్నాను. యూటీఎం అనే మ్యాపు కొలతల పద్ధతి భూమిని జోన్లుగా విడదీస్తుంది, మా ప్రాంతం అందులో 44వ జోన్‌లో ఉంది. హనుమకొండ చుట్టుపక్కల ఈస్టింగ్ మూడున్నర లక్షల దగ్గర, నార్తింగ్ ఇరవై లక్షలకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఈస్టింగ్ పది లక్షలు దాటిందంటే ఎవరో రెండు కాలమ్‌లు తారుమారు చేసి దింపారన్నమాట. పాత ఫైళ్లలో అలాంటివి నాలుగు దొరికాయి. అందులో ఒకటి నేను దింపిందే.

పెన్‌డ్రైవ్ గొడవ కూడా ఒకటుంది. లింక్ ఫైలు దారిని మొత్తం గుర్తుపెట్టుకుంటుంది. నిన్న ‘ఈ’ డ్రైవ్‌గా కనిపించిన పెన్‌డ్రైవ్ ఇవాళ ‘ఎఫ్’ అయితే ఫైలు లేదంటుంది. లింక్డ్ టేబుల్ మేనేజర్‌లో దారి మార్చొచ్చు గానీ రోజూ ఆ పని ఎవరు చేస్తారు? ఆఫీసు కంప్యూటర్‌లో ఒకే ఫోల్డర్, ఒకే ఫైలు పేరు పెట్టుకున్నాం. కొత్త డేటాని ఆ పేరుతోనే అక్కడ పడేస్తాం, అసలు ఫైలు వేరేచోట భద్రం.

ఇప్పటికి పందొమ్మిది చెరువులు ఎక్కాయి. మిగతావి వానలు పడేలోపు.