తాత్కాలికం అన్నావు కదా

2014 జూలైలో ఒక మధ్యాహ్నం మా ఆఫీసు బ్రేక్ రూమ్‌లో, మైక్రోవేవ్ పక్క గోడకి ఒక కాగితం అంటించారు. అందులో నా పేరు లేదు. నా ఉద్యోగం పేరుంది, నేను చేసే పని గురించి నాలుగు వాక్యాలున్నాయి, జీతం అంకెల్లో ఉంది. ఈ ఉద్యోగానికి లేబర్ సర్టిఫికేషన్ కోసం దరఖాస్తు పెట్టబోతున్నామనీ, దీనికి సంబంధించి ఎవరి దగ్గరైనా ఆధారాలుంటే కార్మిక శాఖ అధికారికి పంపవచ్చనీ రాసి, కింద చిరునామా ఇచ్చారు. అమెరికాలో శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్ కార్డుకి ఇదే మొదటి మెట్టు: ఈ పనికి అర్హత ఉన్న అమెరికన్ దొరకలేదని కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణ. నలభై మంది పనిచేసే ఆ ఆఫీసులో ఆ పని చేసేది నేనొక్కదాన్నే. పేరు వేయకపోయినా ఎవరి గురించో తెలియనివాళ్లు లేరు.

క్వాలిటీ విభాగంలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఒహాయోలో నా మొదటి చలికాలం, మంచులో నేను వేసుకొచ్చిన చెప్పులు చూసి, మర్నాడు తన కూతురి స్నో బూట్లు సంచిలో తెచ్చి నా కుర్చీ పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయిన మనిషి. ఆవిడ ఆ కాగితం మొత్తం చదివి, నా వైపు తిరిగి అడిగారు: "నీది తాత్కాలిక వీసా అన్నావు కదా. మరి మొదటి నుంచీ ఇక్కడ ఉండిపోదామనేనా?"

కోపంగా అడగలేదు. మోసపోయినట్టు అడిగారు. అది ఇంకా కష్టంగా అనిపించింది. "లాయర్లు పెట్టమన్నారు" అని మాత్రం అని, అన్నం డబ్బా తీసుకుని నా సీటుకి వచ్చేశాను. ఆ పూట తినలేకపోయాను.

ఆ రాత్రి మా ఆయన "వదిలేయ్, ఆవిడకి రూల్స్ తెలియవు" అన్నాడు. నేను వదల్లేకపోయాను. ఆ "మొదటి నుంచీ" అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. వంట చేస్తున్నా అదే, కారు నడుపుతున్నా అదే. ఆవిడకి చెప్పాల్సిన జవాబు ఎన్నిసార్లు కూర్చుకున్నానో లెక్క లేదు.

2008లో చెన్నైలోని అమెరికా కాన్సులేట్‌లో, అద్దానికి అటు నుంచి ఆఫీసరు "చదువయ్యాక ఏం చేస్తావు?" అని అడిగాడు. "తిరిగి వచ్చేస్తాను" అన్నాను. అలా చెప్పమని కన్సల్టెన్సీ వాళ్లు నేర్పించారు, నిజమే. కానీ అది నేర్పించిన మాట మాత్రమే కాదు. అమ్మ కోసం, ఇంటి కోసం, నేను నిజంగానే వెనక్కి వద్దామనుకున్నాను. ఆ దేశపు 1952 నాటి వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే స్థిరపడటానికి వస్తున్నట్టు లెక్క, కాదని ఆ మనిషే రుజువు చేసుకోవాలి అంటుంది అది. ఇరవై రెండేళ్ల అమ్మాయి తన మనసులో లేనిదాన్ని ఎలా రుజువు చేస్తుంది? ఆ రోజు నేను చెప్పింది ఆ రోజుకి నిజం. ఇంతకుమించి చెప్పుకోగలిగింది లేదు.

తర్వాత ఎమ్మెస్, ఉద్యోగం, 2011 అక్టోబరులో హెచ్-1బి అనే వర్క్ వీసా. ఇక్కడే ఆవిడకి తెలియనిదీ, మనవాళ్లలో కూడా చాలామందికి స్పష్టంగా తెలియనిదీ ఒకటుంది. 1990లో చట్టం మార్చినప్పుడు, స్థిరపడే ఉద్దేశం లేదని నిరూపించుకోవాలన్న ఆ షరతును హెచ్-1, ఎల్-1 (ఒకే కంపెనీలో బదిలీ మీద వచ్చేవాళ్ల) వీసాల వాళ్లకి తీసేశారు. ఒకే మనిషికి రెండు ఉద్దేశాలు ఉండొచ్చని ఒప్పుకున్నారు. దాన్నే డ్యూయల్ ఇంటెంట్ అంటారు. గడువు తీరితే వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉంటూనే, ఉండనిస్తే ఉండిపోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. గ్రీన్ కార్డుకి పెట్టుకున్నామన్న కారణంతో హెచ్-1బి ఆపరు, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్‌కి వెళ్తే దాన్ని తప్పుగా పట్టుకోరు. విద్యార్థి వీసాకీ, మన అమ్మానాన్నలు వచ్చే విజిటర్ వీసాకీ ఈ వెసులుబాటు లేదు. వర్క్ వీసా మీద ఉండగా పర్మినెంట్‌కి పెడితే ఉన్న వీసాకి ఎసరొస్తుందేమోనని భయపడుతూ ఏళ్లు పోగొట్టుకున్న వాళ్లని చూశాను కాబట్టి ఇంత వివరంగా చెప్తున్నాను.

దొంగచాటు పని అసలే కాదు. అంత బహిరంగంగా జరిగే వ్యవహారం ఇంకోటి నేను చూడలేదు. నా ఉద్యోగానికి రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన వేశారు. రాష్ట్ర ఉపాధి సంస్థ జాబితాలో ముప్పై రోజులు పెట్టారు. ఇవి కాక ఇంకో మూడు రకాలుగా వెతికినట్టు చూపించాలి. గోడ మీద నోటీసు పది పనిదినాలు ఉండాలి. అర్హత ఉన్న అమెరికన్ ఒక్కరు ముందుకొచ్చినా దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. ఈ ఖర్చంతా కంపెనీదే, నా దగ్గర తీసుకోకూడదని 2007 నుంచి నిబంధన కూడా ఉంది. ఆ ఆదివారం గ్యాస్ స్టేషన్లో పేపరు కొని, కార్లో కూర్చుని ప్రకటన వెతికాను. నేను మూడేళ్లుగా చేస్తున్న పని, నేను రోజూ కూర్చునే కుర్చీ, "కావలెను" కింద ఉన్నాయి. ఎవరైనా అప్లై చేస్తారేమోనని ఆ నెలంతా ఫోన్ మోగితే గుండె ఆగినంత పనయ్యేది.

మన ఇళ్లల్లో "పర్మినెంట్ అయింది" అనే మాటకి ఎంత విలువో నేను చెప్పక్కర్లేదు. మా నాన్న ఎనిమిదేళ్లు టెంపరరీ టీచర్‌గా చేశారు. "టెంపరరీ వాడికి స్టాఫ్ రూమ్‌లో కుర్చీ ఇస్తారు, బీరువాలో అర ఇవ్వరు" అనేవారు. ఆయనకి పర్మినెంట్ ఆర్డరు వచ్చిన రోజు అమ్మ వీధి వీధంతా స్వీట్లు పంచింది. నాకు వచ్చిన మొదటి అడుగు గోడ మీద నోటీసు, "దీని మీద ఆధారాలుంటే పంపండి" అని. న్యాయంగా ఆలోచిస్తే, వాళ్ల దేశంలో ఉద్యోగం ముందు వాళ్ల మనిషికి చూపించడంలో తప్పు లేదు. అది నేను ఒప్పుకుంటాను. కానీ హెచ్-1బి మొదటి జీతం నుంచీ పెన్షన్ కోసం సోషల్ సెక్యూరిటీ, ముసలితనంలో వైద్యం కోసం మెడికేర్ కోతలు అందరితో సమానంగా కట్టిన మనిషిని "తాత్కాలికం అన్నావు కదా" అంటే, ఎంత న్యాయం చెప్పుకున్నా మనసు ఊరుకోదు.

పదో పనిదినం సాయంత్రం హెచ్ఆర్ అమ్మాయి వచ్చి నోటీసు తీసేసి, వెనక తేదీ వేసుకుంది. అప్పుడు ధైర్యం చేసి ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. 1990 చట్టం, రెండు ఉద్దేశాలు, పేపరు ప్రకటనలు, అన్నీ చెప్పాను. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. విని, "అయితే చట్టమే ఒప్పుకుందిగా. మరి నేనడిగిన రోజు నీ మొహం ఎందుకలా అయిపోయింది?" అన్నారు.

దానికి నా దగ్గర కూర్చుకున్న జవాబు లేదు. ఎందుకంటే ఆ మొహం ఆవిడ కోసం మాడింది కాదు. ఆదివారం ఫోన్ల కోసం.

2010 నుంచీ ప్రతి ఆదివారం నాన్న ఏదో ఒక వంకతో అదే అడిగేవారు. "ఎప్పటికి వస్తారమ్మా?" అని సూటిగా అడిగేవారు కాదు. "పక్కింటి స్థలం అమ్మకానికి పెట్టారు, మీరు వచ్చేసరికి ఉంటుందో ఉండదో" అనేవారు. నేను "ఇంకో రెండేళ్లు నాన్నా" అనేదాన్ని. లోను తీరేదాకా రెండేళ్లు. అనుభవం కోసం రెండేళ్లు. బాబు కాస్త పెద్దయ్యేదాకా రెండేళ్లు. నోటీసు గోడ మీద ఉన్న ఆ పది రోజుల్లో వచ్చిన ఆదివారాల్లో కూడా అదే చెప్పాను. అమెరికా ప్రభుత్వానికి నా రెండు ఉద్దేశాలూ కాగితం మీద రాసిచ్చాను. నాన్నకి మాత్రం ఒక్కటే చెప్పాను.

2016లో అమ్మానాన్నలు వచ్చారు. ఇంటర్వ్యూలో నాన్న పెన్షన్ కాగితాలు, ఇంటి పత్రాలు పట్టుకెళ్లి, తిరిగి వస్తానని నిరూపించుకున్నారు. ఎయిర్‌పోర్టులో ఆరు నెలలు ఇస్తే, నాలుగున్నర నెలలకే బయల్దేరారు. "ఇంకా టైముంది కదా నాన్నా" అంటే, "వస్తామని చెప్పి వచ్చాం కదమ్మా" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నాకే మామూలుగా వినిపించలేదు.

లేబర్ సర్టిఫికేషన్ దరఖాస్తు 2014 అక్టోబరులో వెళ్లింది. ఆ రోజే నా ప్రయారిటీ డేట్, అంటే క్యూలో నా వంతు లెక్కేసే తేదీ. తర్వాత కంపెనీ నా కోసం వేసిన ఐ-140 పిటిషను కూడా ఆమోదం పొందింది. అక్కడి నుంచి క్యూ. ఉద్యోగాల కోటాలో ఏడాదికి దాదాపు 1,40,000 గ్రీన్ కార్డులు, భార్యాభర్తలూ పిల్లలూ అందులోనే. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్నది లెక్క. దేశమంటే పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. హెచ్-1బి ఆరేళ్లకి తీరిపోవాలి, కానీ 2000లో చేసిన చట్టం వల్ల ఐ-140 ఉండి వంతు రానివాళ్లకి మూడేసి ఏళ్లు పొడిగిస్తారు. అలా నా తాత్కాలికం పదేళ్లు దాటింది. ఏ తేదీ వాళ్ల దాకా వంతు వచ్చిందో చెప్తూ నెలనెలా వచ్చే వీసా బులెటిన్ని పంచాంగంలా చూసుకునేవాళ్లం.

మాకంటే ముందువాళ్లు ఇంకా పడ్డారు. 2007 జూలైలో అందరి తేదీలూ తెరిచి, దరఖాస్తులు పోస్టులో ఉండగానే మూసేశారు. మనవాళ్లు కేకలు వేయలేదు. ఇమ్మిగ్రేషన్ సంస్థ డైరెక్టరుకి వందల కొద్దీ పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రికి పంపించారు. అదే నెల 17న తలుపు మళ్లీ తెరిచారు. ఆ గుంపులో ఉన్న ఒక అక్క నాకు ఈ కథ చెప్తున్నప్పుడు ఆవిడ గొంతులో ఉన్న గర్వం నాకిప్పటికీ గుర్తు.

అలాంటి తలుపు మాకు 2020 అక్టోబరులో తెరుచుకుంది. ఉద్యోగాల కోటాలో ఈబీ-3 అనే కేటగిరీలో భారత్ ఫైలింగ్ తేదీ 2015 జనవరి 1కి వచ్చింది, అంటే అంతకు ముందు ప్రయారిటీ డేట్ ఉన్నవాళ్లు దరఖాస్తు వేసుకోవచ్చు. తేదీ ఇంకా వెనకే ఉన్న ఈబీ-2 కేటగిరీలోని వాళ్లమంతా ఈబీ-3కి మారి, గ్రీన్ కార్డుకి చివరి దరఖాస్తు ఐ-485 వేయడానికి పరుగులు తీశాం. (ఫైలు ఇంకా పెండింగులోనే ఉంది.) వైద్య పరీక్షలు, ఫోటోలు, ఒక్కొక్కరికి 1,225 డాలర్ల ఫీజు, ఇవన్నీ దొరికాయి. దొరకనిది నా జనన ధ్రువీకరణ.

నేను అమ్మమ్మగారింట్లో పుట్టాను. పంచాయతీ పుస్తకంలో ఎక్కించలేదు. రికార్డు లేదని ఆఫీసు నుంచి ఒక కాగితం, నా పుట్టుక గురించి తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు కావాలి. అమ్మదొకటి, నాన్నదొకటి. లాయరు ఇచ్చిన నమూనా నాన్నకి పంపాను. కోవిడ్ రోజులు, నోటరీ దొరకడమే కష్టం. మర్నాడు వీడియో కాల్ చేశారు. కళ్లద్దాలు పెట్టుకుని కాగితం దగ్గరగా పట్టుకున్నారు.

"ఇందులో 'నేను ఆ సమయంలో అక్కడ ఉన్నాను' అని రాశారమ్మా. నేను లేను. డ్యూటీలో ఉన్నాను. టెలిగ్రాం అంది, మూడో రోజుకి వచ్చాను. ఉన్నానని ఎలా సంతకం పెట్టను?"

"ఏం ఫర్వాలేదు నాన్నా, అందరూ అలాగే పెడతారు" అనబోయి ఆగాను. "మీకు తెలిసింది తెలిసినట్టు రాయండి. లాయరుతో నేను మాట్లాడతాను" అన్నాను.

ఆయన పెన్సిల్‌తో ఆ వాక్యం కొట్టేసి, పైన రాసుకున్నారు. తర్వాత కింది పేరా దగ్గర వేలు ఆగింది. ఆయన ఇంగ్లీషు టీచరు. అక్కడేముందో నాకు తెలుసు.

"పర్మినెంట్ రెసిడెన్సు కోసం అని ఉంది."

"అవును నాన్నా."

అమ్మ వెనక నుంచి ఏదో అడిగింది. ఆయన "ఉండు" అన్నట్టు చెయ్యెత్తారు. కాసేపు కాగితమే చూశారు. "ఎప్పుడు పెట్టారు?" అన్నారు.

"2014లో."

ఆరేళ్ల ఆదివారాలు ఆయన మనసులో లెక్క వేసుకున్నారో లేదో నాకు తెలియదు. అడగలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. పెన్ను మూత తీశారు.

"కింద తేదీ వెయ్యాలి. మాకు రోజు ముందు, మీకు నెల ముందు కదా. ఎలా వెయ్యమంటావు?"

"నెల పేరు అక్షరాల్లో రాయండి నాన్నా" అన్నాను. "అప్పుడు ఏది ముందున్నా ఒకటే."